వెల్లుల్లి బీపీ మాత్రకు బదులవుతుందా? ఎంత తినాలి, ఎలా తినాలి, ఎవరు జాగ్రత్త పడాలి

మీరు రాసిన వివరాలు చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు, బీపీ చాలాకాలంగా ఉంది, ఏడు నెలల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాటితో బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర నడుస్తున్నాయి. ఏదో వీడియో చూసి రోజూ పరగడుపున ఆరు పచ్చి వెల్లుల్లి రెబ్బలు నమలకుండా నీళ్లతో మింగుతున్నారు, బీపీ మాత్ర ఇక మానేస్తానంటున్నారు. వచ్చే నెల దవడ పన్ను తీయించుకోవాలి. మీ చెల్లెలేమో నెలల పిల్లాడికి జలుబు చేసిందని అరికాళ్లకు వెల్లుల్లి ముద్ద కట్టాలనుకుంటోంది. వెల్లుల్లి నిజంగా మందేనా, అయితే ఎంత, ఎలా వాడాలి అని మీరు అడిగారు.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆహారం విషయంలో సలహాలివ్వడమే ఏళ్లుగా నా పని. వెల్లుల్లి గురించి అడగని కుటుంబం దాదాపు ఉండదు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. కానీ రెండు మాటలు ఆగేవి కావు, అవి ముందు చెప్తాను.

నాన్నగారు డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకూడదు. బీపీ మాత్రల్లో కొన్ని రకాలు ఒక్కసారిగా ఆపితే బీపీ ఇంతకు ముందున్నదానికంటే పైకి ఎగురుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి ఇంకా తీవ్రమైనది. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో వాటిని సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. “వెల్లుల్లి కూడా రక్తాన్ని పలచబరుస్తుందట కదా, ఇక ఆ మాత్రలెందుకు” అనే ఆలోచన ఆయనకు ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. వస్తే మాత్రం ఆ క్షణమే అడ్డుకోండి.

రెండోది పిల్లాడి అరికాళ్లు. దయచేసి కట్టనివ్వకండి. కారణం కింద చెప్తాను.

ఇక వెల్లుల్లి దగ్గరికి వద్దాం. పొట్టు తీయని రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన దాదాపు ఉండదు. అదే రెబ్బను కత్తి పక్కతో అదిమి నలగ్గొట్టండి. కొన్ని సెకన్లలోనే కళ్లు చెమర్చేంత ఘాటు లేస్తుంది. వెల్లుల్లి వైద్యం మొత్తం ఈ చిన్న మార్పులోనే ఉంది. రెబ్బలో ఆలిన్ అనే గంధక పదార్థం ఉంటుంది, దానికి వాసన లేదు. కణంలోనే మరోచోట ఆలినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో తలుపులేసుకుని ఉన్న ఇద్దరిలా ఇవి ఒకదాన్నొకటి తాకవు. నలిపినప్పుడో, తరిగినప్పుడో, నమిలినప్పుడో మధ్య గోడ పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే అల్లిసిన్. ఆ ఘాటు దానిదే. మొక్క దీన్ని తయారుచేసుకునేది తనను కొరికే పురుగుల మీద, కుళ్లబెట్టే క్రిముల మీద ప్రయోగించడానికి.

అంటే చెక్కుచెదరని రెబ్బలో మందు ఇంకా తయారవలేదు. నలిగాకే తయారవుతుంది. 1944లో ఛెస్టర్ కవల్లిటో, జాన్ బెయిలీ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్తలు అల్లిసిన్‌ను విడదీసి, అది సూక్ష్మజీవులను చంపుతుందని చూపించారు. తర్వాత కొన్నేళ్లకు స్విట్జర్లాండ్‌లో స్టోల్, సీబెక్ దాని వెనకున్న ఆలిన్‌ను కనిపెట్టారు. అల్లిసిన్ నిలకడ లేని పదార్థం. నూనెలో ఉన్నా, వేడి తగిలినా, ఊరికే ఉంచినా విడిపోయి డయాలిల్ డైసల్ఫైడ్, డయాలిల్ ట్రైసల్ఫైడ్, అజోయీన్ లాంటి వేరే గంధక పదార్థాలుగా మారిపోతుంది. మనం ఎంత పచ్చి వెల్లుల్లి తిన్నా రక్తంలో అల్లిసిన్ అల్లిసిన్‌గా కనపడదు. ఒంట్లో పనిచేసేవి దాని నుంచి పుట్టిన ఈ పిల్ల పదార్థాలే.

ఇప్పుడు నాన్నగారు చేస్తున్నది చూడండి. రెబ్బను నమలకుండా మింగుతున్నారు. కణాల గోడలు పగలవు. పైగా ఆలినేజ్‌కు ఆమ్లం పడదు, కడుపులోని ఆమ్లం తగిలితే పని ఆపేస్తుంది. కాబట్టి గుండు రెబ్బ లోపలికి వెళ్లాక అల్లిసిన్ పుట్టేది చాలా తక్కువ. వెల్లుల్లి మాత్రలు తయారుచేసే కంపెనీల్లో కొన్ని కడుపు దాటి పేగులోకి వెళ్లాకే కరిగే పూత వేసేది ఇందుకే. ఆయన దేనికోసం మింగుతున్నారో అదే ఆయనకు సరిగా అందడం లేదు. కడుపులో మంట, తేన్పులు, నోటి కంపు మాత్రం మిగులుతాయి. పెద్ద రెబ్బ గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా వయసు మళ్లినవారిలో తీసిపారేసేది కాదు.

పరగడుపున తింటేనే పనిచేస్తుందన్న మాటకు ఆధారమేమీ నేను చూడలేదు. ఖాళీ కడుపున పచ్చి వెల్లుల్లి పడితే లోపలి పొర మండుతుంది, అంతే. ఆయన ఆస్పిరిన్ కూడా వేసుకుంటున్నారు. ఆస్పిరిన్ అసలే కడుపు పొరను దెబ్బతీసే మందు, దాని పక్కన ఇది మరో భారం. తింటే భోజనంతో తినమనండి.

ఎంత తినాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల మీద వేసిన గ్రంథంలో పెద్దవాళ్లకు రోజుకు 2 నుంచి 5 గ్రాముల తాజా వెల్లుల్లి అని ఉంది. మామూలు రెబ్బ 3, 4 గ్రాములు తూగుతుంది. అంటే ఒక రెబ్బ, చిన్నవైతే రెండు. నాన్నగారి ఆరు రెబ్బలు 20 గ్రాముల దాకా వస్తాయి. పై హద్దయిన 5 గ్రాములకు అది దాదాపు నాలుగింతలు. ఎక్కువ తింటే ఎక్కువ మేలు అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

బీపీ మీద దీని ప్రభావం ఎంత అన్నది మీ అసలు ప్రశ్న. ఇందులో నిజముంది, ఆ నిజానికి హద్దులూ ఉన్నాయి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే పై అంకె సగటున 8, కింది అంకె సుమారు 5 పాయింట్ల దాకా తగ్గింది. ఇది చిన్న సంగతి కాదు, ఒక బీపీ మాత్ర తగ్గించేదానికి దగ్గరగా ఉంటుంది. బీపీ మామూలుగా ఉన్నవాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎలా తగ్గిస్తుందన్నదానికి 2007లో ఒక మంచి ఆధారం దొరికింది. వెల్లుల్లిలోని గంధక పదార్థాలను మన ఎర్ర రక్తకణాలు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయని, అది రక్తనాళాల గోడల్లోని కండరాన్ని వదులు చేస్తుందని ఆ పరిశోధన చూపించింది. నాళం వదులైతే లోపల ఒత్తిడి తగ్గుతుంది.

మరి మాత్రకు బదులు ఎందుకు కాదు? ఆ పరీక్షలు చాలావరకు కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు సాగినవి, చిన్నవి. వాటిలో ఎక్కువ భాగం కొలిచి తయారుచేసిన పొడి మాత్రలతోనో, నెలల తరబడి ఊరబెట్టిన వెల్లుల్లి సారంతోనో చేశారు, వంటింటి రెబ్బతో చేసినవి తక్కువ. చాలామంది అప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటూ, దాని మీద అదనంగా వెల్లుల్లి తీసుకున్నారు. ఇంకా ముఖ్యమైన సంగతి, బీపీ మాత్రలు వేలమంది మీద ఏళ్ల తరబడి జరిగిన పరీక్షల్లో పక్షవాతాన్నీ గుండెపోటునూ తగ్గించాయని తేలింది. వెల్లుల్లికి అలాంటి రుజువు లేదు. స్టెంట్ పడిన మనిషికి కావలసింది యంత్రం మీద కనపడే అంకె ఒక్కటే కాదు కదా. రెబ్బకు రెబ్బకు మందు పాళ్లు మారతాయి, ఏ రకం, ఎన్నాళ్లు నిల్వ ఉంది, ఎలా నలిపారు అన్నదాన్ని బట్టి. మాత్రలో ఇవాళ ఉన్నదే రేపూ ఉంటుంది. ఆ భరోసా వెల్లుల్లి ఇవ్వలేదు.

ఆయనతో వాదించే బదులు ఒక పని చేయండి. ఇంట్లో బీపీ యంత్రం ఉంటే రోజూ ఒకే వేళకు, అయిదు నిమిషాలు కూర్చున్నాక చూసి ఒక కాగితం మీద రాయించండి. మాత్ర మానకుండా, వెల్లుల్లి భోజనంలో ఒక రెబ్బగా ఉంచి రెండు మూడు నెలలు. నిజంగా అంకెలు తగ్గుతూ వస్తే ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే డోసు తగ్గించాలా అన్నది ఆయనే ఆలోచిస్తారు. ఇలా రాసుకున్న కాగితంతో వచ్చిన పెద్దవాళ్లతో మాట్లాడటం మాకు చాలా సులువు. ఆయన పట్టుదలకు ఒక దారి దొరుకుతుంది, ప్రమాదమూ ఉండదు.

కొలెస్ట్రాల్ దగ్గర ఇంత ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో వెలువడిన పరీక్ష ఒకటుంది, నాకు చాలా నచ్చిన పరీక్ష. చెడు కొలెస్ట్రాల్ ఓ మోస్తరుగా పెరిగిన 192 మందిని తీసుకుని కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి పొడి మాత్రలు, కొందరికి ఊరబెట్టిన సారం, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఆరు నెలలు ఇచ్చారు. ఇచ్చేవాటిలో ఏముందో రసాయన పరీక్ష చేసి మరీ ఇచ్చారు. ఏ గుంపులోనూ చెడు కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఇతర పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టినవాళ్లకు కొద్దిపాటి తగ్గుదల కనపడింది, అదీ రెండు నెలలకు పైగా వాడిన, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారిలో. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే స్టాటిన్ రకం మాత్ర చెడు కొలెస్ట్రాల్‌ను 30 నుంచి 50 శాతం దాకా దించుతుంది. వెల్లుల్లి ఆ దరిదాపుల్లోకి రాదు. స్టెంట్ ఉన్నవారికి స్టాటిన్ ఇచ్చేది అంకె తగ్గించడానికే కాకుండా నాళంలో పేరుకున్న కొవ్వు పగలకుండా నిలపడానికి కూడా. ఆ మాత్ర జోలికి పోవద్దు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. పరగడుపు చక్కెర స్వల్పంగా తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో ఉంది. మందు మార్చేంత కాదు.

రక్తం పలచబడటం గురించి మాత్రం నిదానంగా చదవండి, మీ ఇంటికి ఇదే అన్నిటికంటే దగ్గరి విషయం. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటేనే గడ్డ కడుతుంది. వెల్లుల్లిలోని అజోయీన్, ఇంకొన్ని గంధక పదార్థాలు ఆ అతుక్కోవడాన్ని అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ ఒక దారిలో, క్లోపిడోగ్రెల్ మరో దారిలో చేసేదీ అదే. మూడూ కలిస్తే ఏమవుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. కూరలో ఉడికిన రెండు రెబ్బలతో భయపడాల్సిన పని లేదు. రోజూ ఆరు పచ్చి రెబ్బలు, లేదా ఘాటైన వెల్లుల్లి గుళికలు అంటే ఆలోచించాల్సిందే. 1990లో వైద్య పత్రికలో వచ్చిన ఒక కేసు ఉంది. 87 ఏళ్ల వృద్ధుడికి వెన్నుపాము పక్కన దెబ్బేమీ తగలకుండానే రక్తస్రావమైంది. ఆయన చాలా ఎక్కువగా వెల్లుల్లి తినే అలవాటున్నవాడు, ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయడం లేదని తేలింది. ఇలాంటివి అరుదు. అరుదు కాబట్టే డాక్టరు తనంతట తాను అడగకపోవచ్చు, మీరే చెప్పాలి.

పన్ను తీయించుకునే సంగతి ఇక్కడే తేలుతుంది. పచ్చి వెల్లుల్లి మోతాదులు, గుళికలు కనీసం వారం ముందు ఆపించండి. వంటలో వేసే కొద్దిపాటిది తినవచ్చు. పళ్ల డాక్టరుకు స్టెంట్ సంగతి, రెండు పలచబరిచే మాత్రల సంగతి, ఇన్నాళ్లూ వెల్లుల్లి తిన్న సంగతి మూడూ చెప్పండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపాలా అక్కర్లేదా అన్నది పళ్ల డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. చాలాసార్లు ఆపకుండానే పన్ను తీసి, కుట్టు వేసో దూది అదిమి పెట్టో రక్తం ఆపుతారు. ఈలోపు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి ఆగకుండా రక్తం రావడం, తగిలినట్టు గుర్తులేని చోట కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనపడితే పన్ను రోజు దాకా ఆగకుండా వెంటనే చూపించండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లకూ ఇదే జాగ్రత్త. కొత్తగా వెల్లుల్లి మాత్రలు మొదలుపెట్టినా, ఉన్నట్టుండి ఆపినా రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి. హెచ్ఐవీకి వాడే సాక్వినవిర్ అనే మందు మీద వెల్లుల్లి గుళికల ప్రభావం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. గుళికలు వేసుకున్నవారి రక్తంలో ఆ మందు మోతాదు దాదాపు సగానికి పడిపోయింది. సహజమైనది కాబట్టి ఏమీ కాదులే అనుకునే ప్రతివారికీ నేను ఇది చెప్తాను.

ఇప్పుడు పిల్లాడి సంగతి. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. మాటవరసకు అంటున్నది కాదు, నిప్పు తగిలినట్టు బొబ్బలెక్కి, పైపొర ఊడి, మచ్చ మిగిలే రకం కాలిన గాయం. ముద్దను గుడ్డతో కట్టి గంటలు ఉంచితే పెద్దవాళ్ల చర్మమే తట్టుకోదు. నెలల పిల్లల చర్మం కాగితమంత పలచన. అరికాలికి రాస్తే ఛాతీలో జలుబు తగ్గుతుందన్నదానికి ఆధారం లేదు. పిల్లల పాదాల మీద ఇలాంటి గాయాలు ప్రపంచమంతా వైద్య పత్రికల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. మా దగ్గరికీ మోకాలి నొప్పికి రాత్రంతా వెల్లుల్లి కట్టుకుని, పొద్దున్నే గుడ్డ విప్పితే చర్మం గుడ్డతోపాటే వచ్చేసిన ఒక పెద్దావిడ వచ్చారు. అరచేతంత వెడల్పున ఎర్రగా, తడిగా, చుట్టూ నీటి బుడగలు. నొప్పికి ఆవిడ మాట్లాడలేకపోయారు. చెల్లెలికి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి. చెవిలో వెల్లుల్లి రెబ్బ పెట్టడం, కాచిన వెల్లుల్లి నూనె చుక్కలు వేయడం కూడా వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనెతో కలిపి నాకించడం అసలే వద్దు, తేనెలో ఉండగల బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే విష జబ్బు) బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి ప్రాణం మీదికి తెస్తాయి. నెలల పిల్లాడు పాలు తాగడం మానేసినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఇంటి వైద్యం మాని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చెల్లెలు పాలిస్తుంటే తను వెల్లుల్లి తినడానికి అభ్యంతరం లేదు. తల్లి వెల్లుల్లి తిన్న గంట రెండు గంటల్లో పాలకు ఆ వాసన వస్తుంది. పిల్లలు పాలు వదిలేస్తారని చాలామంది అనుకుంటారు. 1991లో అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది వేరు, ఆ వాసన ఉన్న పాలకు పసిపిల్లలు ఇంకా ఎక్కువసేపు రొమ్ము పట్టుకుని ఉన్నారు.

జలుబు మీద పెద్దవాళ్లకైనా పనిచేస్తుందా? 146 మందితో చేసిన ఒకే ఒక్క పరీక్ష అందరి నోటా వినిపిస్తుంది. పన్నెండు వారాల్లో వెల్లుల్లి తీసుకున్న గుంపులో 24 జలుబులు, తీసుకోని గుంపులో 65 జలుబులు నమోదయ్యాయి. తేడా పెద్దదే. అయితే జలుబు చేసిందో లేదో మనుషులు తామే రాసుకున్న లెక్క అది. పైగా వాసన బట్టి తమకిచ్చింది వెల్లుల్లో కాదో పోల్చుకునే వీలుంది. ఆధారాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2014లో చూసినప్పుడు లెక్కలోకి తీసుకోదగ్గది ఈ ఒక్కటే దొరికింది, ఇది చాలదని తేల్చింది. కరోనా వచ్చినప్పుడు వెల్లుల్లి అడ్డుకుంటుందని ప్రచారం జరిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి ఆధారమేదీ లేదని 2020లో చెప్పాల్సి వచ్చింది.

సూక్ష్మజీవులను చంపుతుంది కదా, మరి ఇన్ఫెక్షన్లకు ఎందుకు వాడరు అంటారేమో. గాజు పళ్లెంలో అల్లిసిన్ చుక్క వేస్తే రకరకాల బ్యాక్టీరియా, ఫంగస్ చచ్చిపోతాయి, యాంటీబయాటిక్‌లకు లొంగని మొండి రకాల్లో కొన్ని కూడా. ఒంట్లోకి వెళ్లాక అల్లిసిన్ రక్తం దాకా రాకుండానే మారిపోతుందని పైన చెప్పాను. గాజు పళ్లెంలో ఉన్న చిక్కదనం ఊపిరితిత్తుల్లోనో మూత్రపిండంలోనో రాదు. అందుకే జ్వరానికి, చీముకు, మూత్రంలో మంటకు వెల్లుల్లితో రోజులు గడపవద్దు. చర్మం మీద ఫంగస్‌కు మాత్రం అజోయీన్‌ను వేరుచేసి తయారుచేసిన క్రీము కాలివేళ్ల మధ్య వచ్చే పాచికి బాగా పనిచేసినట్టు పరీక్షలున్నాయి. అది కొలిచి చేసిన క్రీము. దాన్ని చూసి పచ్చి రెబ్బ రుద్దుకుంటే పుండు పడుతుంది. మర్మాంగాల దగ్గర పెట్టుకోవడం మరీ ప్రమాదం.

క్యాన్సర్ గురించి మీరు అడగలేదు గానీ ఆ వీడియోల్లో అదీ ఉంటుంది. ఇందులో నాకు ఆసక్తి కలిగించేది చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం, లించూ ప్రాంతంలో చేసిన పరీక్ష. అక్కడ కడుపు క్యాన్సర్ ఎక్కువ. 1995లో మూడు వేల మూడు వందల మందికి పైగా తీసుకుని, కొందరికి ఏడేళ్లకు పైగా వెల్లుల్లి సారం ఇచ్చారు. మొదట్లో తేడా కనపడలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత చూసి 2019లో ప్రచురించిన లెక్కలో వెల్లుల్లి తీసుకున్నవారిలో కడుపు క్యాన్సర్ మరణాలు మూడో వంతు దాకా తక్కువగా ఉన్నాయి. క్యాన్సర్ వచ్చినవారి సంఖ్యలో మాత్రం తగ్గుదల ఖాయంగా చెప్పగలిగేంత లేదు. ఒక ప్రాంతం, ఒక రకం క్యాన్సర్. ఇది వచ్చిన క్యాన్సర్‌కు చికిత్స కాదన్నది స్పష్టం. కీమో నడుస్తున్నవాళ్లు వెల్లుల్లి గుళికలు మొదలుపెట్టే ముందు తప్పకుండా డాక్టరును అడగాలి.

వెల్లుల్లి మీద మనిషికి ఉన్న నమ్మకం ఇవాళ్టిది కాదు. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య పత్రంలో ఉంది, టుటన్‌ఖామున్ సమాధిలో వెల్లుల్లి గడ్డలు దొరికాయి. 1890లో మధ్య ఆసియాలో బయటపడిన భూర్జపత్రాల సంస్కృత వైద్య గ్రంథం వెల్లుల్లి మహిమతోనే మొదలవుతుంది. ఆయుర్వేదం దీన్ని వేడి చేసేదిగా, వాతాన్ని తగ్గించేదిగా చెప్పి, పాలలో మరిగించి ఇచ్చే పద్ధతి కూడా పెట్టింది. ఆ పాత పద్ధతి ఘాటును బాగా తగ్గిస్తుంది, కడుపుకు హాయి. మరిగించినప్పుడు ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి ముందే నలిపి పెట్టకపోతే అల్లిసిన్ మీద ఆశలు పెట్టుకోకూడదు.

అందుకని వాడే తీరు చెప్తాను. రెబ్బను నలిపి లేదా సన్నగా తరిగి పది నిమిషాలు పక్కన ఉంచండి. తర్వాతే వేడిలో వేయండి. ఎంజైమ్ పని అప్పటికి అయిపోయి ఉంటుంది, ఇక వేడి తగిలినా పుట్టిన గంధక పదార్థాల్లో కొంత మిగులుతుంది. ఎలుకల మీద చేసిన ఒక పరీక్షలో నలిపిన వెంటనే వేడి చేసిన వెల్లుల్లి గుణం కోల్పోయింది, పది నిమిషాలు ఆగి వేడి చేసినది కొంత నిలుపుకుంది. నలపకుండా ఉడికించినది కూడా పూర్తిగా వృథా కాదు. మనుషుల ఊపిరిలో గంధక పదార్థాన్ని కొలిచి చూసినప్పుడు ఉడికించిన, కాల్చిన వెల్లుల్లి నుంచి కూడా పచ్చిదానితో పోలిస్తే ఆరో వంతు నుంచి మూడో వంతు దాకా అందుతున్నట్టు తేలింది. పచ్చిది పడనివారికి ఇది ఊరటే. నలిపిన వెల్లుల్లిని పెరుగులోనో, చల్లారిన వంటలోనో కలుపుకుంటే ఘాటు తగ్గుతుంది. నిమ్మరసంలో నానబెట్టినప్పుడు ఒక్కోసారి ముక్కలు నీలంగా, పచ్చగా మారతాయి. కుళ్లిందనుకుని పారేయకండి. ఆమ్లంలో దాని గంధక పదార్థాలూ అమైనో ఆమ్లాలూ కలిసి పుట్టిన రంగు అది, హాని లేదు. మొలకెత్తిన రెబ్బ కూడా తినవచ్చు, లోపలి పచ్చ మొలక కాస్త చేదు. మెత్తబడి, బూజు పట్టినది మాత్రం వద్దు.

నూనెలో ఊరేసిన పచ్చి వెల్లుల్లి దగ్గర ఆగండి. ఇది చాలామందికి తెలియదు, నన్ను నిజంగా భయపెట్టే విషయం ఇదే. మట్టి నుంచి వచ్చే క్లోస్ట్రిడియం బొట్యులినం బీజాలు గడ్డకు అంటుకుని ఉండొచ్చు. నూనెలో గాలి ఉండదు, వెల్లుల్లికి పులుపు తక్కువ, గది వెచ్చగా ఉంటుంది. ఆ బీజం మొలకెత్తి విషం తయారుచేయడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. రంగు, రుచి, వాసన ఏదీ మారకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్లో ఇలాంటి సీసా వల్ల పదుల మంది పక్షవాతం లాంటి లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. ఇంట్లో చేసుకుంటే ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగు రోజుల్లోపు వాడేయండి. నెలల తరబడి గట్టు మీద ఉంచి రోజుకో చెంచా తాగమనే వీడియోలను నమ్మవద్దు. ఉడికించకుండా తేనెలో వారాల తరబడి నానబెట్టడం మీద కూడా నాకు ఇదే అనుమానం, దాన్ని నేనెవరికీ చెప్పను.

గుళికలు కొనాలా? నాన్నగారికి వద్దు. స్టెంట్, రెండు పలచబరిచే మందులు ఉన్న మనిషికి గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. ఇతరులెవరైనా కొంటే డబ్బా మీద అల్లిసిన్ ఎంత వస్తుందో, ఊరబెట్టిన సారమైతే అందులోని ముఖ్యమైన గంధక పదార్థం ఎస్-అల్లిల్ సిస్టీన్ ఎంతుందో రాసి ఉన్నవి చూసుకోండి. వాసన లేదని గొప్పగా రాసినంత మాత్రాన అది మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు.

గుండెలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు పచ్చిది మానాలి. తిన్నప్పుడల్లా కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవారికి, ముఖ్యంగా ఐబీఎస్ (పేగులు తరచూ ఇబ్బంది పెట్టే దీర్ఘకాలిక సమస్య) ఉన్నవారికి ఇబ్బంది వెల్లుల్లి గంధకం వల్ల కాకుండా అందులోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం వల్ల వస్తుంది. అది నూనెలో కరగదు. రెబ్బలను నూనెలో వేయించి తీసిపారేసి ఆ నూనె వాడుకుంటే రుచి దక్కుతుంది, బాధ ఉండదు. కుక్కలకు, పిల్లులకు మాత్రం ఉడికినదైనా పెట్టకూడదు, వాటి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

నోటి కంపు గురించి చివర్లో అడిగారు, అమ్మగారు ఆయన పక్కన కూర్చోలేకపోతున్నారని. పళ్లు ఎంత తోమినా పోకపోవడానికి కారణం ఉంది. నోట్లో మిగిలినది కొంతే. మిగతాది అల్లిల్ మిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. అది పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చి శ్వాసలో, చెమటలో ఒక రోజు దాకా బయటికొస్తూనే ఉంటుంది. వెల్లుల్లితో పాటే పెరుగో, పాలో తీసుకున్నా, వెంటనే పచ్చి యాపిల్ ముక్కలో, పుదీనా ఆకులో నమిలినా బాగా తగ్గుతుంది. తర్వాతెప్పుడో తీసుకుంటే అంత ఫలితం ఉండదు. ఆరు రెబ్బలు ఒకటయితే ఆవిడ ఇబ్బందిలో చాలావరకు అక్కడే తీరిపోతుంది. రేపు ఉదయం ఆయన రెబ్బలు మింగకముందే ఇది చదివి వినిపించండి, పన్ను తీయించే తేదీ ఖాయమయ్యాక గుండె డాక్టరుకు ఒకసారి ఫోన్ చేయండి.